వేడి ఏ సెక్షనులో ఆగిపోయింది?

(హార్స్‌లీ హిల్స్‌లో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు పింఛను సంగతులేవో చెబుతానని అనుకుని ఉంటారు. ఆ విషయం నాకంటే బాగా తెలిసినవారు ఇక్కడ పదిమంది ఉన్నారు. నేను ఒక పాత కారు హీటరు గురించి మాట్లాడతాను. ముప్పై ఏడేళ్ళు గుమాస్తాగిరీ చేసి, ఇప్పుడు డెబ్భై నాలుగో ఏట ఉన్నవాడికి కార్లతో ఏం పని అని నవ్వుకోకండి. ఆ కారు అలా కావడంలో నా చెయ్యి కూడా ఉంది. ఆ సంగతి వరసలో వస్తుంది.

ముందు ఈ కొండ గురించి ఒక్క మాట. దీని అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ అని మీకందరికీ తెలుసు. మదనపల్లె ప్రాంతం కడప జిల్లాలో ఉన్న రోజుల్లో, 1860ల్లో, అక్కడి కలెక్టరు డబ్ల్యు.డి. హార్స్‌లీ దొర ఎండలకు తాళలేక ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. కొండ ఎత్తు సముద్రమట్టానికి సుమారు 1265 మీటర్లు. కింద మదనపల్లె దాదాపు 700 మీటర్లు. ముప్పై కిలోమీటర్ల లోపు ప్రయాణంలో ఐదారు వందల మీటర్లు ఎక్కుతాం. ఎండాకాలం ఎక్కితే ఇంజను ఉడుకుతుంది. డిసెంబరులో ఎక్కితే మనం వణుకుతాం. నా కథలో ఈ రెండూ ఉన్నాయి.

కారు మా బావగారిది. మా అక్కను ఇచ్చిన బావగారు బెంగుళూరులో ఉద్యోగం చేసేవారు. అక్కడ ఒక విదేశీయుడు తన దేశానికి తిరిగి వెళ్ళిపోతూ అమ్మితే, 1979లో కొన్నారు. పేరు ఎం.జి.బి. ఇద్దరు కూర్చునే కారు, గుడ్డ టాపు. ఇంగ్లండులో అబింగ్‌డన్ అనే ఊళ్ళో 1962 నుంచి 1980 దాకా ఈ రకం కార్లు ఐదు లక్షలకు పైగా చేశారు. స్పోర్ట్సు కారు అంటే ఏదో రాకెట్టు అనుకోకండి. దాని ఇంజనూ, మన కలెక్టర్లూ ఆర్డీవోలూ తిరిగిన అంబాసిడర్ ఇంజనూ ఒకే వంశంలోవి. అంబాసిడర్‌ది 1489 సి.సి., దీనిది 1798 సి.సి. తమ్ముడికంటే అన్న కొంచెం ఒళ్ళు చేసినట్టు. అందుకే మన జిల్లాలో అంబాసిడర్ విప్పిన ప్రతి మేస్త్రీకీ ఈ కారు బానెట్టు ఎత్తగానే చుట్టాన్ని చూసినట్టు ఉంటుంది.

బావగారు పోయాక మా మేనల్లుడు ఆ కారును జాగ్రత్తగా చూసుకుంటున్నాడు. మొన్న డిసెంబరులో బావగారి సంవత్సరీకం అయ్యాక, మా అక్క ఒక కోరిక కోరింది. "ఆయనతో ఆ కారులో ఎన్నిసార్లు కొండకు పోయానో. ఒక్కసారి దాంట్లోనే తీసుకుపోరా" అంది. ఆమెకు డెబ్భై ఎనిమిదేళ్ళు. చలిగాలి తగిలితే దగ్గు మొదలవుతుంది. వాడు చింతామణి మీదుగా మదనపల్లెకు తీసుకొచ్చాడు. నేను వెనక వేరే కారులో వచ్చాను.

పైకి వచ్చేసరికి సాయంత్రం ఆరు. అక్క రెండు శాలువాలు కప్పుకుని, ముక్కు ఎర్రబడి, పెదవులు వణుకుతూ దిగింది. "హీటరు వేయలేదా?" అన్నాను. "వేశాను మామా, చల్లగాలే వస్తోంది" అన్నాడు వాడు. "హీటరు రేడియేటరు మూసుకుపోయి ఉంటుంది. ఇంగ్లండు నుంచి తెప్పించాలి. డ్యాష్‌బోర్డు కింద చేతులు దూర్చి, ఆ పెట్టె మొత్తం ఊడదీయాలి. అంత ఖర్చు పెట్టి ఎవరి కోసం? అమ్మేద్దామనుకుంటున్నా" అన్నాడు. అక్క ఆ మాట విని ఏమీ అనలేదు. గాలిబండ వైపు చూస్తూ నిలబడింది.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. పక్కన ఒక కుటుంబం వాళ్ళ కారులో అద్దాలన్నీ మూసి, ఇంజను ఆన్ చేసి, పిల్లల్ని పడుకోబెట్టారు, వెచ్చగా ఉంటుందని. నేను వెళ్ళి అద్దం తట్టి దింపించాను. ఆగి ఉన్న కారులో ఇంజను తిరుగుతుంటే, పొగ గొట్టం ఎక్కడైనా చిల్లుపడితే కార్బన్ మోనాక్సైడు లోపలికి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో మనిషి లేవడు. ఈ రాత్రి మీలో ఎవరైనా అలా కూర్చోవాలనుకుంటే దయచేసి మానండి. గది ఉంది, దుప్పట్లు ఉన్నాయి.

సరే, మర్నాడు పొద్దున్నే కారు దగ్గరికి వెళ్ళాం. "ఒరే అబ్బాయ్, ఫైలు రాలేదని పై ఆఫీసు నుంచి మెమో వస్తే మేమేం చేసేవాళ్ళమో తెలుసా? ముందు ఎవరి మీదా పడేవాళ్ళం కాదు. తపాలు రిజిస్టరు పట్టుకుని మొదలుపెట్టేవాళ్ళం. ఏ తేదీన వచ్చింది, ఏ సెక్షనుకు పోయింది, ఎవరి పర్సనల్ రిజిస్టరులో ఎక్కింది, ఎక్కడ ఆగింది. ఈ వేడి కూడా అలాగే ఒకచోట పుట్టి, కొన్ని బల్లలు దాటి, మీ అమ్మ పాదాల దాకా రావాలి. ఏ బల్ల దగ్గర ఆగిందో చూద్దాం పద" అన్నాను.

ఇలాంటి పాత కారు హీటరులో కరెంటు కాయిల్ ఏదీ ఉండదు. ఇంజనులో వేడెక్కిన నీళ్ళే దానికి ఆధారం. ఎం.జి.బి.లో ఇంజను తల వెనక భాగంలో ఒక వాల్వు ఉంది. డ్యాష్‌బోర్డు మీద ఒక గుండ్రటి మీట తిప్పితే, సన్నటి తీగ ఒకటి ఆ వాల్వును తెరుస్తుంది. వేడినీళ్ళు గొట్టం గుండా హీటరు పెట్టెలోని చిన్న రేడియేటరుకు పోతాయి. అక్కడి నుంచి ఇంకో గొట్టం గుండా తిరిగి పెద్ద రేడియేటరు కింది గొట్టంలో కలుస్తాయి. ఫ్యాను గాలిని ఆ చిన్న రేడియేటరు గుండా తోస్తుంది. రెండో మీట ఆ గాలి కాళ్ళకు పోవాలా, అద్దానికి పోవాలా అని నిర్ణయిస్తుంది. అంతే. ఐదు బల్లలు: ఇంజను, వాల్వు, చిన్న రేడియేటరు, ఫ్యాను, గాలి తలుపు.

మొదట ఇంజను చల్లగా ఉండగానే రేడియేటరు మూత తీసి నీళ్ళు చూశాం. నిండుగా ఉన్నాయి. వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఆ మూత ఎవరూ ముట్టకూడదు. లోపలి నీళ్ళు ఒత్తిడిలో ఉంటాయి, ముఖం మీదికి చిమ్ముతాయి. పైగా ఈ ఎత్తులో బయట నీళ్ళు 96 డిగ్రీలకే మరుగుతాయి.

రెండోది, ఫ్యాను. స్విచ్చి వేస్తే తిరిగింది, గాలి కాళ్ళకు వచ్చింది. మీట తిప్పితే గాలి అద్దానికి మారింది. అంటే చివరి రెండు బల్లల మీద పెండింగు లేదు. కాళ్ళ కింద తివాచీ పొడిగా ఉంది, అద్దం మీద జిడ్డు ఆవిరి పట్టలేదు, తియ్యటి వాసన రాలేదు. అంటే చిన్న రేడియేటరు కారడం లేదు.

మూడోది, వాల్వు. వాణ్ణి లోపల కూర్చుని మీట తిప్పమన్నాను. నేను బయట నిలబడి వాల్వు చూశాను. మీట పూర్తిగా తిరుగుతోంది, వాల్వు మాత్రం సగంలో ఆగిపోతోంది. తీగను పట్టి ఉంచే చిన్న స్క్రూ వదులైంది. తీగ కదలాల్సినంత కదలక తొడుగుతో సహా జారుతోంది. స్క్రూ బిగించాం, వాల్వు మొత్తం తెరుచుకుంది. వాడు సంబరపడ్డాడు. ఇంజను వేసి పావుగంట చూశాం. ముందు చల్లగాలి వచ్చేది, ఇప్పుడు గోరువెచ్చగా వచ్చింది. అంతే.

మిత్రులారా, ఒక లోపం దొరికితే ఇంకో లోపం లేదని అనుకోవడం మన ఆఫీసుల్లో పాత జబ్బు. వాడు వెంటనే అన్నాడు: "చూశావా మామా, వాల్వు బాగైనా వేడి రాలేదు. నేను చెప్పినట్టు చిన్న రేడియేటరే మూసుకుపోయింది." నేనూ ఒక్క క్షణం ఔననుకున్నాను. మళ్ళీ అనిపించింది, ఆ బల్ల దగ్గరికి వేడి వచ్చిందో లేదో చూడకుండా ఆ గుమాస్తాకు మెమో ఇవ్వడం న్యాయమా?

ఫ్యాను రెక్కలకు చెయ్యీ, మెడలో తువాలూ దూరంగా ఉంచి, చిన్న రేడియేటరులోకి పోయే గొట్టం మీద ఒక చెయ్యి, బయటికొచ్చే గొట్టం మీద ఒక చెయ్యి వేశాను. దాని లెక్క ఇది. పోయే గొట్టం కాలుతూ, వచ్చే గొట్టం చల్లగా ఉంటే మధ్యలో అడ్డు ఉంది, లేదా గాలి బుడగ పట్టింది. రెండూ కాలుతూ గాలి మాత్రం చల్లగా వస్తే తప్పు గాలి దారిలో ఉంది. మాకు రెండు గొట్టాలూ ఒకే రకంగా గోరువెచ్చగా ఉన్నాయి. అంటే నీళ్ళు చక్కగా పోయి చక్కగా వస్తున్నాయి. ఆ చిన్న రేడియేటరు నిర్దోషి. వచ్చే నీళ్ళలోనే వేడి లేదు. తప్పు మొదటి బల్ల దగ్గరే ఉంది.

అప్పుడు వాణ్ణి అడిగాను: "నిన్న ఘాట్ ఎక్కేటప్పుడు వేడి చూపించే ముల్లు ఎక్కడుంది?" "ఎప్పుడూ కిందే ఉంటుంది మామా. మంచి ఇంజను, వేడెక్కదు" అన్నాడు గర్వంగా. నాకు గుండెలో కలుక్కుమంది. కొండ ఎక్కే ఇంజను వేడెక్కకపోవడం మంచితనం కాదు. ఇంజనుకూ మన ఒంటికిలాగే ఉండవలసిన వేడి ఒకటి ఉంది. అంతకు తక్కువగా నడిస్తే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, నూనె పాడవుతుంది, లోపలి భాగాలు తొందరగా అరుగుతాయి.

ఇంజను చల్లారనిచ్చి, మళ్ళీ వేసి, ఈసారి పెద్ద రేడియేటరు పై గొట్టం మీద చెయ్యి పెట్టాను. ఇంజనుకూ రేడియేటరుకూ మధ్య థర్మోస్టాటు అని ఒక చిన్న తలుపు ఉంటుంది. ఇంజను వేడెక్కేదాకా అది మూసుకుని ఉంటుంది. కాబట్టి పై గొట్టం కొన్ని నిమిషాలు చల్లగా ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా కాలాలి. మాకు మొదటి నిమిషం నుంచీ కొంచెం కొంచెంగా వెచ్చబడుతూ వచ్చింది. అంటే తలుపు మూసుకోవడం లేదు. నీళ్ళు ఇంజనులో నిలిచి వేడెక్కకముందే రేడియేటరులోకి పోయి చల్లారిపోతున్నాయి.

కొండ దిగి మదనపల్లెలో పాత అంబాసిడర్లు చూసే ఒక మేస్త్రీ దగ్గరికి పోయాం. ఆయన థర్మోస్టాటు మూత మూడు నట్లు, తుప్పు పట్టి ఉంటే విరగకుండా నెమ్మదిగా నూనె పోసి తిప్పి ఊడదీశాడు. లోపల చూసి నవ్వాడు. "సార్, తలుపు చెడిపోలేదు. తలుపే లేదు" అన్నాడు. గాడి ఖాళీగా ఉంది.

మా మేనల్లుడికి కోపం వచ్చింది. "ఎవడో పనికిమాలిన మెకానిక్కు తీసి పారేశాడు మామా. నాన్నగారికి చెప్పి కూడా ఉండడు" అన్నాడు. నేను బెంచీ మీద కూర్చుండిపోయాను. ఎందుకంటే ఎవరు తీయించారో నాకు తెలుసు.

1984 మే నెల. బావగారూ, అక్కా, ఐదేళ్ళ ఈ మేనల్లుడూ కొండకు బయల్దేరారు. ఇద్దరి కారులో ముగ్గురూ ఇరుక్కున్నారు. నేను నా స్కూటరు మీద వెంట ఉన్నాను. ఘాట్‌లో సగం దూరం పోయేసరికి కారు బుసబుసమని ఆవిరి కక్కింది. పిల్లవాడు ఏడుపు. మెల్లగా కిందికి దొర్లించుకుంటూ వచ్చి ఒక షెడ్డులో చూపించాం. "థర్మోస్టాటు తీసేస్తే సరిపోతుంది, మన ఎండలకు అది అనవసరం" అన్నాడక్కడి కుర్రవాడు. అప్పట్లో చాలామంది అలాగే తీసేసేవారు. బావగారు సందేహించారు. "కంపెనీవాడు ఊరికే పెట్టడు కదా" అన్నారు. నేనే ముందుకొచ్చి అన్నాను: "తీసేయండి బావా. దొరల చలికి పెట్టుకున్నది, మనకెందుకు? కావాలంటే చలికాలానికి మళ్ళీ పెట్టిద్దాం." ఆయన "సరే, గుర్తు చెయ్యి" అన్నారు. నేను "మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాను.

నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మన టాటెన్‌హామ్ పద్ధతి మీకు గుర్తుంది కదా. వెంటనే తేలని ఫైలు ఉంటే, మరిచిపోకుండా కాల్‌బుక్‌లో రాసి, ఫలానా నెలలో మళ్ళీ పైకి తీసేవాళ్ళం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నా కాల్‌బుక్‌లో తప్పు పట్టిన సూపరింటెండెంటు లేడు. ఊరివాళ్ళ భూముల తగాదాలన్నీ తేదీ తప్పకుండా పైకి తీసినవాణ్ణి, మా బావగారి కారు సంగతి ఒక్క ముక్క ఎక్కడా రాసుకోలేదు.

మేస్త్రీ ఎదుటే మా మేనల్లుడికి ఈ సంగతి చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత కారులో ఉన్న బావగారి బిల్లుల కవరు తెచ్చాడు. దాంట్లో 1987లో బెంగుళూరులో పెద్ద రేడియేటరు లోపలి భాగం మార్పించిన బిల్లు ఉంది. మేస్త్రీ చూసి విడమరిచి చెప్పాడు. మన బోరు నీళ్ళల్లో సున్నం ఎక్కువ. అది రేడియేటరు సన్నటి గొట్టాల్లో పేరుకుని కారు ఉడికింది. థర్మోస్టాటు తీసినందువల్ల రోగం కొంత మరుగున పడింది. మూడేళ్ళకు అసలు రోగం కుదిరింది. పత్యం మాత్రం అలాగే ఉండిపోయింది.

పని పెద్దదేమీ కాలేదు. మేస్త్రీ కొత్త థర్మోస్టాటు తెప్పించి, గాడిలో సరిగ్గా కూర్చుంటుందో లేదో కొలిచి చూశాడు. దాని మీద 82 అని ఉంది, అంటే ఆ డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి. బిగించే ముందు పక్క టీ అంగడిలో ఒక గిన్నెలో నీళ్ళు పోసి, దారంతో దాన్ని వేలాడదీసి కాచాం. నీళ్ళు మరిగే లోపల అది తెరుచుకుంది, చల్లారాక మూసుకుంది. కొత్తదైనా సరే, పరీక్షించకుండా పెట్టొద్దని మేస్త్రీ మాట. తర్వాత రేడియేటరు కడిగి, బోరు నీళ్ళు కాకుండా డిస్టిల్డు వాటరులో కూలెంటు కలిపి పోశాం. హీటరు గొట్టంలో గాలి బుడగ నిలవకుండా తిరిగొచ్చే గొట్టం ఊడదీసి అటునుంచి కూడా నింపాం.

సాయంత్రం అంగళ్ళు దాటి మళ్ళీ కొండ ఎక్కాం. ఈసారి ముల్లు పైకి లేచి మధ్యలో నిలబడింది. ఘాట్ మలుపుల్లో కొంచెం కదిలింది, మళ్ళీ మధ్యకు వచ్చింది. పైకి చేరేసరికి అక్క ఒక శాలువా తీసి ఒళ్ళో పెట్టుకుని ఉంది. పాదాలు వెచ్చగా ఉన్నాయంది.

నేను ఆమె పక్కన నిలబడి 1984 సంగతి చెప్పి, "తప్పు నాది అక్కా" అన్నాను. "నాకు తెలుసులేరా" అంది. "బావగారు ఎప్పుడైనా అన్నారా?" అని అడిగాను. "నిన్నేమీ అనలేదు. ఆ చలికాలంలో ఇద్దరం వచ్చాం, హీటరు పని చేయలేదు. బెంగుళూరు పోయాక నాకు ఇంకో శాలువా కొన్నారు" అంది.

ఆ రెండో శాలువా ఎక్కడిదో నాకు అప్పుడు తెలిసింది.

కారు అమ్మే ఆలోచన మా మేనల్లుడు మానుకున్నాడు. బిల్లుల కవరు మీద ఇప్పుడు ఒక కాగితం అంటించాడు. ఏమేం తీశాం, ఏమేం పెట్టాం, ఏ తేదీన మళ్ళీ చూడాలి అని.

మిత్రులారా, మనలో కార్లున్నవాళ్ళు తక్కువ. కానీ తాత్కాలికంగా అని ఏదో ఒకటి తీసేసి మరిచిపోయినవాళ్ళు చాలామంది ఉంటారు. షాకు కొడుతోందని గీజరుకు ఎర్తు వైరు పీకేసి, తర్వాత చూద్దామని వదిలేసిన ఇళ్ళు నాకు తెలుసు. పళ్ళు తీయించుకోవడానికో, కంటి ఆపరేషనుకో ముందు డాక్టరు ఏదో మాత్ర ఆపమంటాడు. ఆపుతాం. మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో అడగం, రాసుకోం. మన వయసులో అది కారు హీటరు లాంటి సంగతి కాదు. ఈ రోజు ఇంటికి వెళ్ళాక మీ మందుల డబ్బా ముందు పెట్టుకుని ఒకసారి చూడండి. అనుమానం ఉంటే మీకు మీరు తేల్చుకోకుండా డాక్టరుగారినే అడగండి.

ఉద్యోగం నుంచి రిటైరయ్యాం, కాల్‌బుక్ నుంచి మాత్రం రిటైరు కావద్దు. రెండు రూపాయల నోటుబుక్కు ఇప్పుడు దొరకదు, పదో ఇరవయ్యో పెట్టి ఒకటి కొనండి. ఏది ఆపామో, ఎందుకు ఆపామో, ఎప్పుడు మళ్ళీ చూడాలో రాసి, మంచం పక్కన పెట్టుకోండి. నేను కొన్నాను. మొదటి పేజీలో మా బావగారి కారు నంబరు రాసుకున్నాను.